సంతకం తాతదే, మాట తాతది కాదు

మన గోడపత్రికలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు పేరు రాయకుండా కవిత అంటిస్తారు. పేరు లేకపోయినా మధ్యాహ్నం అన్నాల వేళకల్లా అది ఎవరి అక్షరమో క్లాసంతా తెలిసిపోతుంది. "ఈ 'ళ' చూడవే, ఇంత పొట్ట పెట్టేది మూడో బెంచీ అమ్మాయే" అని ఒకరు కనిపెడతారు. "అవునవును, సున్న నోరు తెరిచి వదిలేసేదీ ఆమే" అని ఇంకొకరు సాక్ష్యం పలుకుతారు. మనం సరదాకి చేసే ఈ పనిని కొందరు వృత్తిగా చేస్తారు. వాళ్లు చెప్పే మాటను బట్టి ఆస్తులు చేతులు మారతాయి, మనుషులు జైలుకు పోతారు, ఒక్కోసారి బయటికి వస్తారు. వాళ్లనే చేతిరాత నిపుణులు అంటారు. కేంద్ర ప్రభుత్వానికి సిమ్లాలో, కోల్‌కతాలో, హైదరాబాదులో ఈ పని చేసే కార్యాలయాలు ఉన్నాయి. మన తమిళనాడుకు చెన్నైలో ఫోరెన్సిక్ శాఖ ఉంది.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారు, అది ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు, ఏ ప్రశ్నకు చెప్పలేదు అన్నది ఈ వ్యాసంలో రాస్తాను. మా ఇంటి కాగితం ఒకటి ఆ పరీక్షకు పోయి వచ్చింది. అందువల్ల ఈ విషయం గురించి దొరికినంత చదివాను, అడిగి తెలుసుకున్నాను.

మొదట ఒక సంగతి. చేతిరాత చూసి "ఈమె మొండి మనిషి, ఈయనకు డబ్బు యావ ఎక్కువ" అని గుణాలు చెప్పేవాళ్లు వేరే. అది జాతకం చెప్పడం లాంటిది. కోర్టుకు కావలసింది అది కాదు. ఈ కాగితమూ ఆ కాగితమూ ఒకే మనిషి రాసినవా కాదా, అంతే.

మనం రాయడం నేర్చుకునేటప్పుడు పలక మీద టీచరు రాసిచ్చిన అక్షరాన్ని దిద్దుతాం. ఒకే బడిలో దిద్దిన పిల్లల అక్షరాలకు ఒక పోలిక వస్తుంది. ఒకే తల్లి పిల్లల ముక్కులాగా అనుకోండి. ఇది సామాన్య లక్షణం. తరవాత రాయగా రాయగా మనకు తెలియకుండానే అక్షరం మారుతుంది. ఒకరు తొందరలో తలకట్టు ఎగరగొడతారు, ఒకరు గుడిని గొడుగులాగా పెద్దగా కప్పుతారు. ఇది సొంత లక్షణం. రాసేది చెయ్యి అంటాం గానీ నిజానికి రాసేది మెదడు. అలవాటు అక్కడ కూర్చుని ఉంటుంది. అందుకే దాన్ని దాచిపెట్టడం కష్టం. వేరేవాళ్ల అలవాటును పూర్తిగా తెచ్చిపెట్టుకోవడం ఇంకా కష్టం.

ఈ రెండు లక్షణాలకూ తేడా ఎంత ముఖ్యమో మా ఊరి ఉదాహరణతో చెప్తాను. మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బడిలో తమిళం. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మా తరం పిల్లలు చాలామంది తమిళ అక్షరాలు ముందు దిద్ది, తెలుగు తరవాత పట్టుకున్నాం. నేను చూసినంతలో మా తెలుగు అక్షరాల్లో గుండ్రం తగ్గి మూలలు తేలతాయి. అట్లని ఒక దొంగ ఉత్తరంలో ఆ మూలలు కనబడితే నన్ను పట్టుకోవడానికి లేదు. అది మా ఊరి పోలిక, నా పోలిక కాదు. సామాన్య లక్షణాన్ని సొంత లక్షణం అనుకోవడం ఈ పనిలో మొదటి ప్రమాదం.

మరి నిపుణులు దేన్ని చూస్తారు? భూతద్దం కింద, మైక్రోస్కోపు కింద పెట్టి గీతను చూస్తారు. తెలుగు రాత అయితే తలకట్టు అక్షరంతో పాటు ఒకే ఊపులో వచ్చిందా, కలం ఎత్తి వేరేగా పెట్టారా? కొమ్ము ఎంత దూరం లాగారు? ఒత్తు అక్షరం కిందనే కూర్చుందా, కుడిపక్కకు జారిందా? సున్న మూసుకుందా? మాటకూ మాటకూ నడుమ జాగా ఎంత? గీతలు లేని కాగితం మీద వరస పైకి ఎక్కుతోందా, కిందికి దిగుతోందా? కలం ఎక్కడ బలంగా ఒత్తుకుంది, ఎక్కడ తేలింది? వీటిలో ఏ ఒక్కటీ మనిషిని పట్టివ్వదు. ఇట్లాంటివి చాలా కలిసి ఒకే చోట కనబడాలి. వాటితో పాటు, సర్దిచెప్పలేని తేడా ఒక్కటి కూడా లేకుండా ఉండాలి. పోలికలు ఎన్ని ఉన్నా అట్లాంటి తేడా ఒకటి తేలితే నిపుణుడు ఆగి ఆలోచించాల్సిందే.

ఇంకో విచిత్రం ఉంది. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలాగా సంతకం పెట్టలేడు. కావాలంటే ఇప్పుడే పది సంతకాలు వరసగా పెట్టి చూసుకోండి. పదీ మీవే, పదీ వేరువేరు. కాబట్టి రెండు సంతకాలను ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకున్నప్పుడు గీతకు గీత సరిపోయిందంటే మనకు "అబ్బ, భలే కలిసింది" అనిపిస్తుంది. నిపుణుడికి మాత్రం అనుమానం పుడుతుంది. అసలు సంతకం మీద కాగితం పెట్టి దిద్దారేమో అని.

దొంగ సంతకం చేసేవాడు రాయడు, బొమ్మ వేస్తాడు. కాబట్టి నిదానంగా వేస్తాడు. ఆ నిదానం గీతలో దొరికిపోతుంది. కలం ఆగిన చోట సిరా చిక్కబడుతుంది. అవసరం లేని చోట కలం ఎత్తిన గుర్తు ఉంటుంది. గీత మీద గీత వేసి సరిదిద్దిన జాడ ఉంటుంది. వణుకు ఉంటుంది. ముసలివాళ్ల చేతిలోనూ వణుకు ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. ఉంటుంది. అయితే ముసలి చేతి వణుకు ఎక్కడా ఆగి ఆలోచించదు, వణుకుతూనే ముందుకు పోతుంది. దొంగ చేతి వణుకు కష్టమైన మలుపు దగ్గర ఎక్కువవుతుంది, సులువైన చోట తగ్గుతుంది.

ఇంత చెప్పాక ఇది పక్కా శాస్త్రం అనిపించవచ్చు. కానీ ఇందులో పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. రెండు ఉదాహరణలు చెప్తాను.

జర్మనీలో 1983 ఏప్రిల్‌లో స్టెర్న్ అనే పత్రిక హిట్లర్ సొంత డైరీలు దొరికాయని ప్రకటించింది. అరవై దాకా పుస్తకాలు. వాటికోసం ఆ పత్రిక 90 లక్షల మార్కులకు పైగా ఖర్చుపెట్టింది. ముందుగా నిపుణులకు చూపించారు. వాళ్లు పోల్చి చూసి ఇది హిట్లర్ రాతే అన్నారు. తీరా చూస్తే అవి కోన్రాడ్ కుయావ్ అనే ఆయన రాసిన దొంగ డైరీలు. మరి నిపుణులు ఎట్లా మోసపోయారు? పోల్చడానికి వాళ్లకు ఇచ్చిన "అసలు" కాగితాల్లో కూడా కుయావ్ తయారుచేసినవి కలిసి ఉన్నాయి. రెండూ ఒకే చేతి రాత అని వాళ్లు సరిగానే కనిపెట్టారు. ఆ చెయ్యి హిట్లర్‌ది కాదు, అంతే. చివరికి గుట్టు బయటపెట్టింది కాగితం. రెండో ప్రపంచ యుద్ధం తరవాతే వాడుకలోకి వచ్చిన తెల్లదనం మందు ఆ కాగితంలో ఉందని జర్మనీ ప్రభుత్వ పరీక్షల్లో తేలింది. అంటే పోల్చుకునే నమూనా నిజంగా ఆ మనిషిదే అని ముందు రుజువు కాకపోతే ఎంత గొప్ప భూతద్దమైనా పనికిరాదు.

రెండోది ఫ్రాన్సులో జరిగింది. 1894లో జర్మనీ రాయబార కార్యాలయం చెత్తబుట్టలో ఒక చీటీ దొరికింది. ఫ్రాన్సు సైనిక రహస్యాలు అమ్ముతానని అందులో ఉంది. అది రాసింది కెప్టెన్ డ్రైఫస్ అని అనుమానించారు. ఆయన యూదుడు కావడం ఆ అనుమానానికి బలమిచ్చింది. చేతిరాత చూడమంటే ఒక నిపుణుడు ఇది ఆయనది కాకపోవచ్చు అన్నాడు. అప్పుడు బెర్టియాన్ అనే పోలీసు అధికారిని పిలిచారు. మనుషుల శరీర కొలతలు తీసి నేరస్తులను గుర్తించే పద్ధతి కనిపెట్టిన పేరున్న మనిషి. చేతిరాత మాత్రం ఆయన విద్య కాదు. ఆయన ఇది డ్రైఫస్ రాతే అన్నాడు. మరి ఇన్ని తేడాలు ఉన్నాయే అంటే, పట్టుబడకుండా ఉండేదానికి తన రాతను తానే మార్చుకుని రాశాడు అన్నాడు. చూశారా, పోలిక ఉంటే డ్రైఫస్ రాసినట్టే, పోలిక లేకపోయినా డ్రైఫస్ రాసినట్టే! డ్రైఫస్‌ను సముద్రం నడుమ డెవిల్స్ ఐలాండ్ అనే దీవికి పంపేశారు. 1896లో పికార్ అనే సైనికాధికారి ఎస్తర్‌హేజీ అనే ఇంకొక అధికారి ఉత్తరాలు చూసి, చీటీ ఈ చేతిదే అని గుర్తుపట్టాడు. అయినా డ్రైఫస్ నిర్దోషి అని తేలేసరికి 1906 అయింది. పన్నెండేళ్లు. జవాబు ముందే పెట్టుకుని కాగితం చూసినవాడికి కాగితం ఏమీ చెప్పదు.

ఇవన్నీ తెలిసే మన చట్టం జాగ్రత్తగా ఉంది. నిపుణుడి మాటను కోర్టు అభిప్రాయంగానే తీసుకుంటుంది, తీర్పుగా కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 45వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షను. 1979లో సుప్రీంకోర్టులో మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి మురారిలాల్ కేసు తీర్పులో దీని గురించి వివరంగా రాశారు. నిపుణుడు చెప్పాడు కదా అని కళ్లు మూసుకుని ఒప్పుకోకూడదు. వేరే సాక్ష్యం లేదు కదా అని తోసిపుచ్చాలన్న నియమమూ లేదు. ఆయన చూపిన కారణాలను పరీక్షించాలి, కారణాలు గట్టిగా ఉంటే ఒప్పుకోవాలి. ఆ తీర్పు సారం ఇది. "నేను నిపుణుణ్ణి, నా మాట వినండి" అంటే చాలదన్నమాట. "ఇదిగో ఇందుకు" అని చూపించాలి.

ఇక మా ఇంటి కాగితం సంగతికి వస్తాను.

మా తాత 2016లో పోయాడు. మరుసటి ఏడాది మా నాయనకు కోర్టు నోటీసు వచ్చింది. తాత 2015లో 2 లక్షలు అప్పు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడనీ, నూటికి రెండు రూపాయల వడ్డీతో ఆ డబ్బు వారసులు కట్టాలనీ ఊళ్లో వడ్డీకి ఇచ్చే ఒకాయన దావా వేశాడు. ఆయన పేరు ఇక్కడ అక్కరలేదు. మాకున్నది ఎకరా రాగి చేను. వడ్డీతో కలిపి కడితే అది పోతుంది. అది పోతే మా అక్క పెళ్లి, నా చదువు అన్నీ పోతాయి. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినని రోజులు మాత్రం బాగా గుర్తున్నాయి.

ప్రోనోటు జెరాక్సు ఇంటికి వచ్చింది. మా నాయన చూసి "ఇది నాయన సంతకం కానే కాదు. 2 లక్షలు తెచ్చుంటే మాకు తెలీకుండా పోతుందా?" అన్నాడు. ఆయన కోపానికి అర్థం ఉంది. 2 లక్షలు ఇంట్లోకి వచ్చిన జాడే లేదు. అందుకే వకీలు గారు కూడా జవాబులో "సంతకం ఫోర్జరీ" అని రాయించారు.

అప్పుడు మా అవ్వ ఆ జెరాక్సు చేతికి తీసుకుంది. అవ్వకు చదువు రాదు, వేలిముద్రే. కాగితం తిరగేసి పట్టుకుంటే నాయన సరిచేసి ఇచ్చాడు. చాలాసేపు చూసింది. "సంతకం మీ నాయన పెట్టిందే రా. పైన రాసిండేది మాత్రం ఆయప్ప మాట కాదు" అనింది. "నీకు చదువు వస్తాదా ఏమన్నానా? ఊరుకో అమ్మా" అన్నాడు నాయన. ఆమె ఊరుకుంది. వకీలు గారు ఆమెను అడగనే లేదు.

కేసు ఆ దారిలోనే నడిచింది. సంతకాన్ని నిపుణులకు పంపాలని మా వైపు నుంచే అర్జీ పెట్టారు. పంపాలంటే తాతవి వేరే సంతకాలు కావాలి. అవి ఎదుటివాళ్లు కూడా కాదనలేనివిగా ఉండాలి, గొడవకు ముందువి కావాలి, వీలైనంత దగ్గరి సంవత్సరాలవి కావాలి. బతికున్న మనిషి అయితే కోర్టులో కూర్చోబెట్టి రాయించవచ్చు. పోయిన మనిషితో ఎట్లా రాయిస్తాం? నాయన వెతకడం మొదలుపెట్టాడు. ఇంట్లో 1987 నాటి చేను కొన్న పత్రం దొరికింది. సొసైటీలో అప్పు కాగితం ఒకటి, బ్యాంకులో ఖాతా తెరిచిన కాగితం ఒకటి దొరికాయి. అక్క చెవులు కుట్టినప్పటి చదివింపుల పుస్తకంలో తాత చేత్తో రాసిన లెక్క ఉంది, కింద సంతకమూ ఉంది. ఊరంతటికీ ఉత్తరాలు రాసిపెట్టిన మనిషి, మాకు మిగిల్చిన తెలుగు రాత ఇంతే. ఆయన తరవాత మా ఇంట్లో తెలుగులో సంతకం పెట్టేవాళ్లు లేరు. నాయన తమిళంలో పెడతాడు, అక్క ఇంగ్లీషులో పెడుతుంది.

2019లో రిపోర్టు వచ్చింది. రెండు సంతకాలూ ఒకే మనిషివి అని అందులో ఉంది. తరవాత ఆ రిపోర్టు నకలు నేను చదివాను. తాత పేరు "ప్ప"తో ముగుస్తుంది. ఆయన 'ప' రాసి, తలకట్టు పెట్టకుండా ముందు ఒత్తు రాసి, ఆ ఒత్తు తోకను ఎడమపక్కకు పేరు కింద గీతలాగా లాగి, చివర కలం ఎత్తి తలకట్టు పెట్టేవాడు. చేను పత్రంలోనూ అంతే, సొసైటీ కాగితంలోనూ అంతే, ప్రోనోటు మీదా అంతే. 1987కూ 2015కూ నడుమ చెయ్యి వణుకు పెరిగింది, వరస మాత్రం మారలేదు. నిపుణులు తమ పని సరిగానే చేశారు. పైన మొత్తం, తేదీ, వడ్డీ రాసిన చెయ్యి వేరే, సిరా కూడా వేరే అని కూడా ఉంది. సిరా వేరే అని చెప్పగలరు. ఏ సిరా ముందు పడింది, ఎన్ని నెలలు ముందు పడింది అంటే తేల్చడం చాలా కష్టం. దాని గురించి రిపోర్టులో ఏమీ లేదు.

ఇంట్లో ఆ రోజు చావు జరిగినట్టుంది. "సంతకం ఆయనది కాదు" అని రాసిచ్చాం, ఇప్పుడు ఆయనదే అని తేలింది. అసలు అవ్వ మొదటి దినం చెప్పింది కూడా ఇదే కదా. అప్పుడు నాయన ఆమె పక్కన కూర్చుని అడిగాడు. అవ్వ చెప్పింది: "బోరు మోటారు కాలిపోయినప్పుడు ఆయప్ప ఇరవై వేలు తెచ్చినాడు. కాగితంలో ఏం రాసినారని అడిగితే, ఖాళీ కాగితానికే సంతకం పెట్టినాను, నమ్మకం కదా అన్నాడు."

ఖాళీ ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీద సంతకం చేయించుకుని, మొత్తం తరవాత రాసుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన అలవాటే. చట్టం మాత్రం ఇక్కడ మనకు చుట్టం కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ప్రకారం, స్టాంపున్న ఖాళీ కాగితం మీద సంతకం చేసి చేతికిస్తే, దాన్ని పూరించుకునే అధికారం ఇచ్చినట్టే మొదట అనుకుంటారు. కాదని చూపించే బరువు సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది. మేము కోర్టును "ఇది ఎవరి సంతకం?" అని అడిగాం. దానికి సరైన జవాబు వచ్చింది. అడగాల్సిన ప్రశ్న "పైన ఉన్నది ఎవరి మాట?" అన్నది. దానికి మైక్రోస్కోపు జవాబు చెప్పలేదు, మనుషులు చెప్పాలి.

వకీలు గారు ఈసారి అవ్వను సాక్షిగా పెట్టారు. చదువు రాని మనిషి సంతకం గురించి చెప్తే చెల్లుతుందా అని నాయనకు సందేహం. చెల్లుతుంది. పాత చట్టంలో 47వ సెక్షను, కొత్త దాంట్లో 41వ సెక్షను, ఒకరి చేతిరాతతో పరిచయం ఉన్నవాళ్ల అభిప్రాయం కూడా పనికొస్తుందని చెప్తాయి. పరిచయం ఎట్లా వస్తుందో కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఆ మనిషి రాస్తుండగా చూసి ఉంటే చాలు. చూసినవాళ్లకు చదువు వచ్చి ఉండాలి అన్న మాట అందులో లేదు. నలభై ఏళ్లు ఆయన పక్కన కూర్చుని, ఉత్తరాలు రాస్తుంటే చిమ్నీ దీపం పట్టుకున్న మనిషికి ఆ పరిచయం లేదని ఎవరు అనగలరు?

ఆ దినం నేను కోర్టుకు పోలేదు, బడి ఉంది. నాయన వచ్చి చెప్పాడు. ఎదుటి వకీలు "నీకు ఒక్క అక్షరం రాదు కదమ్మా, సంతకం నీ భర్తది అని ఎట్లా గుర్తుపట్టినావు?" అని అడిగాడంట. అవ్వ "గట్టు మీద దూరంగా ఆయప్ప వస్తా ఉంటే నడక చూసి గుర్తుపడతాను గదా సామీ, దానికి చదువు కావాల్నా? కడాకు తోక ఎడమకు ఈడ్చేది ఆయప్ప ఒక్కడే" అనిందంట. జడ్జి గారు తల ఎత్తి చూశారంట. మూడు నెలలు పట్టి లాబరేటరీ కనిపెట్టిన తోక అదే! తరవాత ఇరవై వేల సంగతి, ఖాళీ కాగితం సంగతి ఆమె తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు చెప్పింది. తన వైపుకు నష్టం చేసే నిజాన్ని ముందు ఒప్పుకున్న మనిషి కాబట్టి, రెండో మాటకు బరువు వచ్చింది అని వకీలు గారు అన్నారు. ప్రోనోటు పూరించిన ఆయన కూడా క్రాసులో, తాత సంతకం పెట్టేటప్పుడు తను అక్కడ లేనని ఒప్పుకున్నాడు.

దాని తరవాత అవతలి ఆయనే మెత్తబడ్డాడు. 2021లో లోక్ అదాలత్‌లో 90 వేలకు రాజీ అయింది. తెచ్చిన ఇరవై వేలకు తొంభై వేలు న్యాయమా అంటే నేను చెప్పలేను. రెండు ఆవులు అమ్మి, మిగిలింది కంతుల్లో కట్టాం. చేను నిలబడింది. అక్క పెళ్లి ఏడాది ఆలస్యంగా జరిగింది. నేను ఈ కాలేజీలో ఉన్నాను.

ఇందులోంచి మనం తీసుకోవాల్సింది ఏమిటి? చేతిరాత పరీక్ష వట్టిదని నేను అనడం లేదు. మా విషయంలో అది పొల్లుపోకుండా నిజమే చెప్పింది. కానీ అది చేతిని గుర్తుపడుతుంది, మనసును కాదు. సంతకం పెట్టేటప్పుడు ఆ మనిషికి ఏం చెప్పారు, ఆ మనిషి దేనికి ఒప్పుకున్నాడు, కాగితం మీద అప్పుడు ఏముంది, ఇవి గీతల్లో ఉండవు. వాటిని చూసినవాళ్లు చెప్పాలి, మనం వాళ్లను అడగాలి. అట్లా చూసినవాళ్లు మన ఇళ్లల్లో చాలాసార్లు ఆడవాళ్లే. వాకిట్లో కూర్చుని మాట్లాడుకునే మగవాళ్లకు కాఫీ తెచ్చిచ్చి, ఏ కాగితం మీద ఏం జరిగిందో కంటితో చూసి, లోపలికి పోయేవాళ్లు. వేలిముద్ర వేసేవాళ్లు కదా అని వాళ్లను అడగడం మానేస్తాం.

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే బ్యాంకు కాగితాల మీద, స్కాలర్‌షిప్ కాగితాల మీద, అమ్మ తరఫున మహిళా సంఘం అప్పు కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. "ఇక్కడ ఒకటి పెట్టమ్మా, మిగతాది మేము నింపుకుంటాం" అనేవాళ్లు అన్ని చోట్లా ఉంటారు. మంచివాళ్లే కావచ్చు. అయినా ఖాళీలు నింపించి, లేదా అడ్డగీత కొట్టి, తేదీ వేసి, అప్పుడు పెట్టండి. ఒక ఫోటో తీసుకోండి. రేపు ఏ నిపుణుడైనా ఆ సంతకం మీదే అంటాడు, అది నిజమే అవుతుంది కూడా. దానిపైన ఏముందన్నది ఈ రోజే మీ చేతిలో ఉంది.

ఇంకొకటి. మీ ఇంట్లో తెలుగు రాసే పెద్దవాళ్లు ఉంటే వాళ్ల రాతను దాచండి. ఉత్తరం కావచ్చు, పాల లెక్క కావచ్చు, తేదీ ఉంటే ఇంకా మంచిది. కోర్టు కోసం కాకపోయినా దాచండి.

అవ్వకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. సంతకం నేర్పిస్తానంటే "నా వేలు ఎవరూ గీయలేరు, ఇదే చాల్లే పాపా" అంటుంది. మొన్న పింఛను కాగితం ఒకటి వచ్చింది. వేలు పెట్టమని వచ్చిన పిల్లవాడిని అరుగు మీద కూర్చోబెట్టి, నన్ను పిలిచి, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివించుకుంది. ఒక చోట చుక్కలు పెట్టి ఖాళీగా ఉంటే, అక్కడ ఏం వస్తుందో అడిగి రాయించింది. అప్పుడు సిరా డబ్బా వైపు చెయ్యి చాపింది.